కుడి రెక్క మీద బూడిద

"కిటికీ తీసుకున్నావా తల్లీ? ఆ రంగుల వాసనకి కళ్ళు తిరిగి లోపలే పడిపోతే నాకెట్టా తెలిసేది?"

మూసి ఉన్న తలుపుకేసి చూసి అనేసింది సరళకుమారి. అన్నాక గానీ గుర్తు రాలేదు, లోపల రంగులే లేవని. రెండు వారాలుగా ఆ గదిలో ఎవరూ రంగు సీసా మూత తిప్పలేదు. సీసాలన్నీ ఇవతలే ఉన్నాయి, వంటగట్టు మీద, తన మోచేతి పక్కన, ఉప్పు డబ్బాకీ చింతపండు డబ్బాకీ మధ్య. వాసనా ఇవతలే. అయినా నోరు ఊరుకోదు. ఇన్నాళ్ళూ ఆ తలుపుకి అదే మాట అప్పజెప్పి అప్పజెప్పి, మత్తుమందు ఇచ్చినా అదే వచ్చేట్టుంది. ఇదివరకైతే లోపల్నుంచి "ఖుల్లీ హై మమ్మీ, ఖుల్లీ హై" అని, తీసే ఉందని, విసుగ్గా వచ్చేది జవాబు. పిల్లకి తెలుగు అర్థమవుతుంది, నోటికి మాత్రం హిందీయే వస్తుంది, ఈ ఢిల్లీలో పుట్టింది కదా. ఆ విసుగునే ఇప్పుడు ఎవరైనా తెచ్చి చెవిలో వేస్తే బాగుండును. లోపల మంచం కిర్రుమంది. హమ్మయ్య. పక్కకి తిరిగింది, ఊపిరి తీస్తోంది, ఉంది. తలుపవతల చప్పుళ్ళు ఏరుకోవడం ఒక్కటే పనైపోయింది ఈ మధ్య, ఫోను ఛార్జరు గోడకి గుచ్చిన చప్పుడు, నీళ్ళ సీసా కింద పెట్టిన చప్పుడు, ఒక్కోటీ ప్రాణానికి ఒక్కో సాక్ష్యం. ఆసుపత్రి వార్డులో ఆయాగా పనిచేసేదానికి చప్పుడు లేని మంచం అంటే ఏమిటో తెలుసు. తెలియకపోయినా బాగుండేది. తెలిసినవాళ్ళకే భయాలెక్కువ.

చెయ్యి వణక్కూడదు. ముందు చెయ్యి. గట్టు మీద వార్తాపత్రిక పరిచి ఉంది, దాని మీద విమానం, రెక్కకొస నుంచి రెక్కకొసకి మూరెడు. నాలుగింజన్లు, పైన ఆకుపచ్చా మట్టిరంగూ, కింద నలుపు. వెనకటి ప్రపంచ యుద్ధంలో రాత్రిళ్ళు వెళ్ళి బాంబులేసి వచ్చేదట, అసలుది. దీన్ని నిన్న పొద్దున పాత సామాన్లు కొనే కబాడీవాడికని పిల్ల మెట్ల దగ్గర పెట్టిన అట్టపెట్టెలోంచి తీసింది తను, పాత చెప్పుల కిందనుంచి. ఇవాళ సాయంత్రం ఆరింటికల్లా దీన్ని సాకేత్‌లో ఆ హాలుకి చేర్చాలి. రేపు అక్కడ బొమ్మ విమానాలు చేసేవాళ్ళందరి ప్రదర్శన. పిల్లే, ఆరాధనే, పేరు ఇచ్చింది, మూడు నెలల కిందట, ఎగిరి గంతేసి ఇచ్చింది, ఆ గుంపులో తనొక్కతే అమ్మాయిని అని చెప్పి. ఇప్పుడు పేరు తీసేయమని వాళ్ళకి రాసేస్తానంటోందట, తండ్రితో అంది, తనతో కాదు. ఆ తండ్రి, జక్కయ్య, అంబులెన్సు డ్యూటీ దిగి అయిదింటికి వస్తాడు, స్కూటరు మీద తీసుకెళ్తానన్నాడు, తీసుకెళ్ళడానికి ఏదైనా ఉంటే. ఉంటుంది. ఉండి తీరుతుంది. కిటికీ బిగించి పెట్టింది, బయట మే నెల గాలి, తెరిస్తే చాలు బేర్ సరాయ్ గల్లీలో ఉన్న ఇసకంతా వచ్చి తడి రంగు మీద కూచుంటుంది, లేదా తను కూడబెట్టిన పొడంతా లేచిపోతుంది. పొడి ముఖ్యం. పొడి కోసమే కదా ఇంత తిరిగింది.

ఆ విమానం ముక్కల కిట్టు తెచ్చింది జక్కయ్యే. పిల్ల పుట్టినరోజని సాకేత్‌లో పెద్ద మాల్‌లోకి వెళ్ళి, ప్యాసింజరు విమానం అనుకుని తెచ్చాడు మహానుభావుడు. పెట్టె మీద బొమ్మ చూసి పిల్ల కేక పెట్టింది, తను మాత్రం ఆ పొట్ట కింద తెరుచుకున్న తలుపులు చూసి, ఇదేంటి ఇక్కడ సందు, పిల్లలు పడిపోరూ అంది. అవి బాంబులు పడే తలుపులు మమ్మీ అని నవ్వింది ఆరాధన. నవ్వు రాలేదు తనకి. బాంబులేసేదాన్ని బొమ్మ చేసుకుని ఇంట్లో పెట్టుకుంటావా, కింద ఎవరి ఇళ్ళున్నాయో, ఎవరి పొయ్యి మీద ఏముందో. అప్పుడు పిల్ల నవ్వడం మానేసి, బాంబులేసిందని కాదు మమ్మీ అంది, హిందీలోనే, యే వాలా హర్ బార్ వాపస్ ఆయా థా, ఇది మటుకు ప్రతిసారీ తిరిగొచ్చిందట, వెళ్ళినవాటిలో సగానికి సగం రాలేదట, ఇది వచ్చిందట, అందుకని చేస్తున్నానంది. ఆ మాట ఎక్కడో తగులుకుని ఉండిపోయింది. లోపల ఏడుగురు కుర్రాళ్ళుండేవాళ్ళట, అందరూ ఆరాధన కంటే రెండు మూడేళ్ళు పెద్ద. తోకలో చిన్న అద్దాల గూడు, అందులో వెనక్కి తిరిగి ఒక్కడే కూచోవాలి తుపాకీ పట్టుకుని, ఎనిమిది గంటలు, చలికి వేళ్ళు కొంకర్లు పోయేవట. "వాడికి స్వెట్టరు ఇచ్చేవాళ్ళా?" అని అడిగింది తను. పిల్ల పడీ పడీ నవ్వి, అవును, కరెంటుతో వేడెక్కే కోటు ఇచ్చేవాళ్ళు, ఒక్కోసారి అది పనిచేసేది కాదు అంది. ఆ రోజు రాత్రి అన్నం సరిగ్గా దిగలేదు తనకి, ఎవరో తెల్లవాళ్ళ పిల్లాడి కోసం. వాళ్ళమ్మ ఏ ఊళ్ళో కూచుని ఏ తలుపుకేసి చూస్తూ ఉండేదో. నడిపేవాడు మధ్యమధ్య వైర్లలోంచి ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పలకరించేవాడట, ఉన్నావా, ఉన్నాను, ఉన్నావా, ఉన్నాను. తోకలోవాడు పలక్కపోతే ఇంకోడు ఆ చీకట్లో పాక్కుంటూ వెనక్కి వెళ్ళి చూసేవాడట. పాక్కుంటూ. అదీ మాట. ఎవరో ఒకరు పాక్కుంటూ వెళ్ళాలి.

కుంచె నీళ్ళలో ముంచి గుడ్డకి అద్దింది. బూడిద సీసా మూత తీసింది. పొగ నల్లగా ఉండదని ఆరాధన చెప్పింది, ఇంజన్ల వెనక రెక్క మీద పడే మసి ఎక్కువదూరం వెళ్ళేసరికి బూడిదరంగుకి తిరుగుతుందని, పాత ఫొటోలు ఫోనులో పెద్దవి చేసి చూపించింది. అలాంటి పొడులు ఎన్ని దాచుకుందో పిల్ల. మందుల సీసాలన్నీ కడిగి, ఒకదాన్లో కిటికీ గట్టు మీద దుమ్ము, ఒకదాన్లో ఢాబా తందూరు మసి, ఒకదాన్లో ఇటుక పొడి, ఒకదాన్లో మెట్రో పనుల దగ్గర తెచ్చిన సిమెంటు. నెలల తరబడి. ఇంట్లోకి దుమ్ము రాకుండా పొద్దునా సాయంత్రం తను గుడ్డ పట్టుకుని యుద్ధం చేస్తుంటే, అది అదే దుమ్మును సీసాల్లో పోసి అలమారలో దాచేది. తల్లీకూతుళ్ళు ఒకే పంట కోసేవాళ్ళన్నమాట, తను పారబోసేది, అది నిల్వ పెట్టేది. "మురికి లేకపోతే ఎగిరిందని ఎట్టా తెలుస్తుంది మమ్మీ" అన్నట్టు హిందీలో ఏదో అంది ఒకసారి. ఒక్కో మరకా ఒక్కోసారి వెళ్ళి తిరిగొచ్చిన గుర్తంది. విన్నది తను. చేత్తో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది. విన్నదాన్ని చెయ్యి వినదు. చెయ్యి వేరే బడిలో చదువుకుంది.

ఎనిమిదో తరగతితో బడి అయిపోయింది, ఆ తర్వాత బాపట్లలో మిషనాసుపత్రి. పెద్ద సిస్టరమ్మగారు వేలు పట్టి నేర్పారు, దూది లోపల్నుంచి బయటికి తిప్పాలి, తుడిచిన దూదితో మళ్ళీ తుడవకూడదు, కంటికి కనపడని మురికే మనిషిని తీసుకెళ్తుందమ్మాయ్ అని. ఆ మాట పట్టుకునే ఢిల్లీ వచ్చింది, ఆ మాట పట్టుకునే ఇల్లు కడిగింది, పిల్లని పెంచింది. ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకున్న ఆదివారం అయితే ఇక చెప్పక్కర్లేదు, పాస్టరుగారూ, ఆయన భార్య అమ్మగారూ, సంఘంలో పదిమందీ వస్తారంటే గోడలు కూడా ఒణికేవి. రెండు వారాల కిందట అలాంటి ఒక ఆదివారం పొద్దున పిల్ల ట్యూషను చెప్పడానికని వసంత్ కుంజ్ వెళ్ళింది. విమానం అలమార మీద ఉంది. చూసింది తను. దేవుడా, ఎంత మసి, నూనె కారినట్టు చారలు, రెక్కల మీద దుమ్ము, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, ఈ ఇంటి ఆడది ఏం చేస్తుందనుకోరూ. దూది తీసింది. స్పిరిట్ తీసింది. లోపల్నుంచి బయటికి. దూది నల్లబడితే పారేసి కొత్తది. అడుగున రంగు కొంచెం కొంచెం వస్తుంటే కూడా అది మురికేననుకుంది, ఇంకా గట్టిగా రుద్దింది. చిట్టి కిటికీల సందుల్లో పుల్లకి దూది చుట్టి మరీ తీసింది. సీసాల్లో ఉన్న చెత్త సింకులో పోసి, సీసాలు మరగబెట్టి, బోర్లించి ఆరబెట్టింది. ఎంత సంతోషంగా చేసిందో. పాటలు పాడుకుంటూ చేసింది.

ప్రార్థన మధ్యలో వచ్చింది ఆరాధన. గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. సరిగ్గా అప్పుడే అమ్మగారు అలమార మీదకి చూసి, "విమానం భలే మెరుస్తోందమ్మా సరళా, ఎక్కడ కొన్నారు?" అన్నారు. తను పొంగిపోయింది. "కొన్లేదమ్మగారూ, మా పిల్లే చేసింది. మసి పట్టి పాడైపోయి ఉంటే పొద్దున నేనే స్పిరిట్ పెట్టి తుడిచా. చూడు ఆరా, ఎట్టా తళతళలాడుతోందో!" పిల్ల చూసింది. ఒక చెప్పు చేతిలోనే ఉంది. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో, అరిచినా బాగుండును. లోపలికొచ్చి అందరితోపాటు చాప మీద కూచుంది, పాట వస్తే పాడింది కూడా, టీ గ్లాసులు అందించింది, అందరూ వెళ్ళాక విమానాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ అలమార మీద పెట్టేసింది, ముట్టుకుంటే కాలుతుందన్నంత మెల్లగా. అంతే. ఆ సాయంత్రం నుంచి ఒక్క మాట లేదు తనతో. పైపూత ఆ మర్నాడు కొట్టేదట, అది కొట్టి ఉంటే మసి అంత తేలిగ్గా పోయేది కాదట. ఇదీ జక్కయ్య ద్వారా తెలిసిందే. అంతా జక్కయ్య ద్వారానే. "డాడీ, మమ్మీకో బోల్ దీజియే, సాంబార్ మే నమక్ కమ్ హై." "ఏమే, సాంబార్లో ఉప్పు తక్కువంట." "వినపడిందిలే, మధ్యలో గోడేం లేదు." "మరి నన్నెందుకు నలుపుతారు ఇద్దరూ? సైరన్ వేసుకుని తిరిగేది చాలక ఇంట్లో కూడా స్ట్రెచరు మోయాలా నేను?" ఆయన జోకేశాడు, ఎవరూ నవ్వలేదు, ఆయన కూడా. క్షమించు తల్లీ అని తలుపు దగ్గర ఎన్నిసార్లు చెప్పిందో. తలుపు వింది. చేతులతో పాడుచేసినదాన్ని నోటితో బాగుచేయడం కుదరదని నెమ్మదిగా తెలిసొచ్చింది. చేతులే చెయ్యాలి.

కిటికీ గట్టు తుడవడం మానేసింది. అదెంత కష్టమో చెబితే ఎవరికీ అర్థం కాదు. చెయ్యి దానంతటదే గుడ్డ కోసం వెళ్ళేది, వెనక్కి లాక్కునేది. దుమ్ము పొర పొరగా పేరుతుంటే చూస్తూ ఊరుకుంది, పేరాక పోస్టుకార్డు ముక్కతో గీకి సీసాలోకి ఎత్తింది. కింద గల్లీ మలుపులో ఇస్త్రీ బండి భయ్యా దగ్గరికి బూడిద అడగడానికి వెళ్ళింది. "భయ్యా, థోడీ రాఖ్ దేనా." "బర్తన్ మాంజ్‌నే కే లియే, దీదీ?" "నహీఁ, జహాజ్ కే లియే." అంట్లు తోముకోవడానికి కాదు, విమానానికి అనేసరికి వాడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. "జహాజ్ కే లియే రాఖ్?" "హాఁ. బారీక్ వాలీ." పెట్టెలోని బొగ్గు పైన పట్టిన తెల్ల బూడిద, మెత్తగా ఉన్నది, కాగితంలో మడిచిచ్చి, "ఉడ్ జాయే తో హమ్ కో భీ బిఠానా" అన్నాడు. ఎగిరితే వాడినీ ఎక్కించుకోవాలట. చుట్టుపక్కల బట్టలిచ్చే కుర్రాళ్ళంతా నవ్వారు. నవ్వనీ. మసి తనే పట్టింది, ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి, అమ్మ కాటుక పట్టినట్టే. సబ్బుపెట్టె మూత మీద రంగు వేసి, దాని మీద రోజూ సాధన చేసింది. మొదట ముద్ద కట్టింది. తర్వాత పిల్లికూన పంజాతో కొట్టినట్టు అయింది. తర్వాత తెలిసింది, కుంచెతో పులమకూడదు, కుంచెని దులపాలి, గాలే దాన్ని తీసుకెళ్ళినట్టు ఉండాలి అని. ఆయాలందరికీ చూపించింది ఆ మూత, ఇదేంటక్కా అంటే, పొగ, అంది. మురికిని పోగొట్టడం తప్ప తెలియని చేతికి మురికిని పెట్టడం నేర్పింది ఈ వయసులో, కాబట్టి ఇప్పుడు వణక్కూడదు.

ఇంజను వెనకనుంచి మొదలు. లోపల్నుంచి బయటికి. చూడు, అదే పాఠం, దూదికి బదులు కుంచె. ముందు సన్నగా నలుపు, దాని మీద బూడిద, వెనక్కి పోయేకొద్దీ పలచగా. ఒక ఇంజను అయింది. రెండోది. ఇప్పుడు రంగు లేచిపోయిన చోట్లు. అంట్లు తోమే పీచు ముక్కని వెండిరంగులో ముంచి, దాదాపు ఎండిపోయేదాకా గుడ్డకి అద్ది, అప్పుడు తాకాలి, తాకీ తాకనట్టు. ఎక్కడ? పిల్ల చెప్పింది గుర్తులేదు. కళ్ళు మూసుకుంది. వార్డులో ఇనప మంచాలు వచ్చాయి కళ్ళ ముందుకి. కొత్త రంగు వేసిన ఏడాదికే ఎక్కడ పోతుంది? తలవైపు కమ్మీ మీద, రోగి లేవడానికి పట్టుకునే చోట. పక్క కమ్మీ మీద, రాత్రంతా కూచున్న తల్లి చెయ్యి ఆనే చోట. మనుషులు ఎక్కువగా పట్టుకునేచోటే రంగు పోతుంది. అయితే రెక్క మొదట్లో, ఎక్కే చోట, కాళ్ళు పడేచోట. ఏడుగురు కుర్రాళ్ళ బూట్లు. ఇదిగో ఇక్కడ. ఇదిగో ఇక్కడ ఒకడు జారాడు, చెయ్యి ఆనించాడు. కింద ఎవరి ఇళ్ళున్నాయో అన్న ఆలోచన మళ్ళీ వచ్చింది, తోసెయ్యలేదు, రానిచ్చింది. కిందవాళ్ళ అమ్మలు ఆకాశంలో ఈ చప్పుడు వినపడగానే పిల్లల్ని ఎక్కడ దాచారో. పైవాళ్ళ అమ్మలకీ కిందవాళ్ళ అమ్మలకీ ఒకటే రాత్రి. ఎవరికీ జవాబు లేని రాత్రి. తోకలో అద్దాల గూడు మీద వేలు పెట్టింది. దాని మీద మసి వేయలేదు. వాడికి బయట కనపడాలి.

కుడి రెక్క అయింది. కొంచెం వెనక్కి జరిగి, తల వంచి, వార్డులో పక్క పరిచాక చూసుకున్నట్టు చూసుకుంది. పిల్ల చేసినట్టు లేదు. పిల్ల చేసింది చూస్తే నిజంగా ఎక్కడికో వెళ్ళొచ్చినట్టుండేది, ఇది గల్లీ చివరదాకా వెళ్ళొచ్చినట్టుంది. అయినా వెళ్ళొచ్చింది. తళతళ మాత్రం లేదు. కుంచె ఎడమ రెక్క వైపు పోయింది, అక్కడ ఆగింది. ఇది నీది కాదు సరళా. అడక్కుండా ఒకసారి ముట్టుకున్నావు, అడిగితే జవాబు లేక రెండోసారి ముట్టుకున్నావు, ఇక చాలు. ఈ రెక్క దానిది. ఖాళీగా ఉంచితేనే వస్తుంది, వస్తే కూచోడానికి చోటుండాలి కదా. గడియారం చూసింది. నాలుగవుతోంది. అయిదింటికి జక్కయ్య. అప్పటికీ పిల్ల రాకపోతే? రాకపోతే ఒక రెక్క మురికిగా, ఒక రెక్క మెరుస్తూ అట్టాగే పంపిస్తుంది, నవ్వేవాళ్ళు నవ్వుతారు, తల్లి పాడుచేసి ఆ తల్లే సగం బాగుచేసిందని చీటీ రాసి పెడుతుంది. కబాడీ పెట్టెలోకి మాత్రం పోదు ఇది. తన కంఠంలో ప్రాణం ఉండగా పోదు.

పైపూత స్ప్రే డబ్బా తీసుకుంది. ఎడమ రెక్కకి వార్తాపత్రిక చుట్టింది, రోగికి దుప్పటి కప్పినట్టు. డబ్బా ఊపితే లోపల గోలీ టకటకలాడింది. జానెడు దూరం నుంచి, ఆగకుండా, ఒకవైపు నుంచి ఒకవైపుకి. తెల్లటి ఆవిరి లేచింది. ఇంకోసారి. మసి కదల్లేదు, బూడిద లేవలేదు, పట్టుకుంది, దేవుడికి స్తోత్రం, పట్టుకుంది. ఇంకొక్కసారి. గొంతులో ఏదో గరగరమంది. వంటగది పైకప్పు కొంచెం పక్కకి జరిగినట్టయింది. కొళాయి రెండుగా కనపడింది. ఇదేనా కళ్ళు తిరగడం అంటే, ఇన్నేళ్ళూ నేను చెప్పింది ఇదేనా అనుకుంది, ఎంత సరిగ్గా చెప్పాను అని కూడా అనుకుంది, వెర్రిదానిలా. గట్టు అంచు పట్టుకుంది. ఈ వాసన తలుపు కిందనుంచి లోపలికి పోతుందేమో, పిల్ల పీలుస్తుందేమో, నిద్రలో పీలుస్తుందేమో.

"ఆరాధనా," అంది. గొంతు తనకే దూరంగా వినపడింది. "కిటికీ తీసుకున్నావా తల్లీ?"

కూలరు చప్పుడు. కింద ఎవరో స్కూటరు తొక్కుతున్నారు, అంటుకోవడం లేదు. ఇస్త్రీ భయ్యా పెట్టె మూత వేసిన చప్పుడు. లోపల మంచం కూడా కిర్రుమనలేదు. ఉన్నావా. ఉన్నావా. ఎవరో ఒకరు పాక్కుంటూ వెళ్ళాలి, తనే వెళ్తుంది, ఈ గట్టు వదిలితే వెళ్తుంది, తలుపు దాకా ఎంత దూరమని, మోకాళ్ళ మీదైనా వెళ్తుంది. గట్టు వదిలింది. వదిలి మళ్ళీ పట్టుకుంది. విమానం మీద చెయ్యి పడకుండా మాత్రం చూసుకుంది.

గడియ తీసిన చప్పుడయింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఆ సందులోంచి ఒక కన్ను ముందు గట్టు మీదికి చూసింది, బూడిద పట్టిన కుడి రెక్కని, కాగితం చుట్టిన ఎడమ రెక్కని. తర్వాత తల్లి మొహంలోకి.

"నాది తీసే ఉంది మమ్మీ. ముందు నీది తియ్యి."